లడ్‌వర్త్ వారి నోరు

లడ్‌వర్త్ ప్రభువు ఎర్ల్‌గారికి ఇద్దరే పిల్లలు. సిబిల్ అమ్మగారు పెద్దది, జెర్వేస్ దొర చిన్నవాడు. అయినా కోట, పొలాలు, బిరుదు అన్నీ చిన్నవాడికే రాసిపెట్టి ఉన్నాయి. ఆయన్ని పేరున్న బడికి పంపారు, ఆక్స్‌ఫర్డుకు పంపారు. అమ్మగారికి పియానో నేర్పడానికి ఒకావిణ్ణి పెట్టి, ఆడపిల్లకు అంతకంటే ఏం కావాలి అనుకున్నారు. ఆవిడ మాత్రం తండ్రి పుస్తకాల గదిలో చేరి, ధాన్యం సుంకాల దగ్గర్నుంచి ఐర్లండు గొడవల దాకా దొరికిందల్లా చదివేసింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను ఆవిడ పనిమనిషిని. ఆ కోటలో గోడలకు ఎంత తెలుసో నాకూ అంత తెలుసు.

ష్రాప్‌షైర్ జిల్లాలో మా వైపు పార్లమెంటు సీటు అప్పట్లో లడ్‌వర్త్‌ల ఇంటి గుర్రంలాంటిది. తాత స్వారీ చేశాడు, తండ్రి చేశాడు, ఇక కొడుకు ఎక్కాలి. చిన్నదొరకు మీసం సరిగ్గా రాకముందే నిలబెట్టారు. మొదటి సభలోనే ఆయన నాలుక మడతపడింది. "రైతు సోదరులారా" అన్నాడు, అక్కడే ఆగిపోయి నీళ్ళు నమిలాడు. ఆనాటి నుంచి అమ్మగారు రాసివ్వడం, ఆయన అద్దం ముందు నిలబడి బట్టీ పట్టడం. ఎక్కడ గొంతు దించాలో, ఎక్కడ ఆగి చుట్టూ చూడాలో కూడా ఆవిడే నేర్పేది. పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి. ఉపమంత్రిని చేశారు.

ఒక ఎన్నికలో ఆయన గవదబిళ్ళలతో మంచం పట్టాడు. అమ్మగారే బండెక్కి, వానలో ఊరూరా తిరిగి మాట్లాడింది. బ్రాక్స్‌లీ సంతలో ఎవడో కుళ్ళిన టర్నిప్పు దుంప విసిరితే భుజానికి తగిలింది. ఆవిడ దాన్ని ఏరి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటివి అమ్మేవాళ్ళకు మా పార్టీ కూడా ఏమీ చేయలేదు నాయనా" అంది. సంతంతా పగలబడి నవ్వింది. చిన్నదొర మంచం దిగకుండానే గెలిచాడు.

మొదటి ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ళ ముందు, ఆడవాళ్ళకు ఓటివ్వాలనే బిల్లు పార్లమెంటుకు వచ్చింది. ఒక ఉదయం ఫలహారం దగ్గర అమ్మగారు అడిగింది.

"ఏరా, ఇన్నాళ్ళూ నీ కోసం రాశాను. ఈ ఒక్కసారి నా కోసం మాట్లాడతావా?"

"అదేం మాట అక్కా," అన్నాడు ఆయన గుడ్డు పెంకు పగలగొడుతూ. "రాసివ్వు. అక్షరం పొల్లుపోకుండా చెబుతాను."

వారమంతా ఆవిడ రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజుల్లో పార్లమెంటు సభలో ఆడవాళ్ళు పైన, ఇనప జాలీ వెనక కూర్చోవాలి. కోళ్ళగూడు నయం. అమ్మగారు నన్ను తోడు తీసుకెళ్ళింది. చిన్నదొర లేచాడు. మొదటి మాట నుంచే అది ఆవిడ రాసిన ఉపన్యాసం కాదు.

"మా అక్క నాకంటే తెలివైనది," అని మొదలుపెట్టాడు. ఆగాడు. చుట్టూ చూశాడు. "ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఎన్నికల సభకు తీసుకెళ్తే ఆ అరుపులకు ఆమె స్పృహ తప్పుతుంది. ఓటు కావాలని ఆమె ఏనాడూ అడగలేదు. మన ఆడవాళ్ళ ప్రశాంతతను చెడగొట్టకండి."

కింద మగవాళ్ళు బల్లలు చరిచారు. పక్కన కూర్చున్న ఒక పెద్దింటావిడ వంగి, "మీ తమ్ముడికి మీరంటే ఎంత ప్రేమండీ" అంది. అమ్మగారి వేళ్ళు జాలీని పట్టుకుని తెల్లబడిపోయాయి. నాకు మాత్రం ఆ జాలీ ఊడబెరికి ఆయన నెత్తిన పడేయాలనిపించింది.

బిల్లు ఓడిపోయింది. నెల తిరక్కుండా చిన్నదొర పూర్తి మంత్రి అయ్యాడు. కోటకు రాగానే అమ్మగారు అడిగింది.

"నేను స్పృహ తప్పి పడిపోయింది ఎప్పుడురా?"

"అవన్నీ సభలో అనే మాటలు అక్కా. అలా మాట్లాడితే పదవి ఖాయమని పార్టీ పెద్దలు చెప్పారు. నేను పైకొస్తే నీకూ మంచిదే కదా."

"నాకేం మంచిది?"

"మంత్రిగారి అక్కవవుతావు."

వేళాకోళానికి అన్న మాట కాదది. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే నాకు మరీ మండింది.

అప్పటి చట్టం ప్రకారం మంత్రి అయినవాడు మళ్ళీ జనం ముందుకెళ్ళి గెలవాలి. ఆయన ఉపన్యాసం రాసిమ్మని అడిగాడు. "నా ప్రశాంతత చెడుతుంది నాయనా, కుదరదు" అందావిడ. సరే, నేనే చూసుకుంటానని ఆయన బ్రాక్స్‌లీ సంతకు వెళ్ళాడు. వేదిక మీద ఇంటివాళ్ళు కూర్చోవడం ఆచారం కాబట్టి అమ్మగారూ వెళ్ళింది. ఆయన మొదటి వాక్యం మధ్యలోనే తడబడి, వెనక్కొచ్చి, మళ్ళీ తడబడ్డాడు.

గొర్రెలు పెంచే ఒబడయా క్రంప్ ముందు వరుసలో ఉన్నాడు. "ఏం దొరా, ఇవాళ అక్కగారు వడ్డించలేదా?" అని అరిచాడు.

"ఆవిణ్ణే మాట్లాడమనండి," అన్నాడు ఇంకొకడు. "పోయినసారి మేం ఓటేసింది ఆవిడ మొహం చూసే."

చిన్నదొర చెమటలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. "అక్కా, రెండు ముక్కలు చెప్పవే. నీకు దణ్ణం పెడతాను."

అమ్మగారు లేచి ముందుకొచ్చింది. సంత సద్దుమణిగింది.

"ఇలాంటి సభకొస్తే నేను స్పృహ తప్పుతానని మీ మంత్రిగారు పార్లమెంటులో చెప్పారు. నేను ఓటు అడగలేదని కూడా చెప్పారు. ఆయన నోటికి ఆ మాటలు రాసిచ్చింది నేను కాదు. మిగతావన్నీ నేనే. నాకు ఓటు లేదు, మీకుంది. ఆలోచించుకోండి."

అంతే చెప్పి మెట్లు దిగింది. చిన్నదొర ఓడిపోయాడు. లడ్‌వర్త్‌లు ఆ సీటులో ఓడటం అదే మొదలు.

ముసలి ఎర్ల్ కూతురి మొహం చూడనన్నాడు. మిల్లు దగ్గరున్న చిన్న ఇంటికి పొమ్మన్నాడు. నేనూ ఆవిడ వెంటే వెళ్ళాను. మరుసటి చలికాలం ఆ ముసలాయన పోయాడు. బిరుదు కొడుక్కి వచ్చింది. బిరుదుతో పాటు ప్రభువుల సభలో కుర్చీ కూడా వచ్చింది. ఎవరి ఓటూ అక్కర్లేదు. మళ్ళీ మంత్రిని చేశారు, చచ్చేదాకా ఉంచారు. వద్దని ఇంతమంది చెప్పి పంపిస్తే, పుట్టుక పట్టుకుని ఇంకో గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. దాన్ని తప్పని ఒక్క పత్రికా రాయలేదు.

యుద్ధమయ్యాక అమ్మగారికి ఓటు వచ్చింది. జిల్లా మండలికి నిలబడి గెలిచింది. మిల్లు సందులోని ఇళ్ళకు మంచినీళ్ళ గొట్టాలు వేయించేదాకా అక్కడి పెద్దమనుషులను నిద్రపోనివ్వలేదు.

చిన్నదొర పోయాక ఊరి పెద్దలు సంతలో ఆయనకు రాయి నిలబెట్టాలనుకున్నారు. ప్లీడరుగారు, పాదిరీగారు మా ఇంటికొచ్చారు.

"రాతి మీద నాలుగు మాటలు మీరే రాసివ్వాలండీ," అన్నాడు పాదిరీ. "మీ శైలి ఆయన శైలికి దగ్గరగా ఉంటుందని అందరూ అంటారు."

నా చేతిలో టీ కెటిల్ ఉంది. ఎలా నిగ్రహించుకున్నానో దేవుడికే తెలియాలి. అమ్మగారు కాగితం తీసుకుని పేరు రాసింది, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసింది.

"ఇంతేనా అండీ?" అన్నాడు ప్లీడరు.

"వాడి సొంతమైనవి ఇవే."

వాళ్ళు బయటికెళ్ళి, కింద 'మహావక్త' అని తామే చెక్కించారు. ఆ రాయి ముందు ఆగి నేను గట్టిగా తిట్టుకుంటుంటే, అమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"పదవే, మండలి సభకు ఆలస్యమవుతోంది. ఇవాళ డ్రైనేజీ సంగతి తేల్చాలి."