నవంబరు ఒకటి రాత్రి బస

జపాను వీసాకు పెట్టుకుంటున్నానని ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. అది చేతికి రాకముందే నోరు జారితే ప్రయాణం ఆగిపోతుందని మా సెబూ దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ జననపత్రం కోసం వరుసలో నిలబడ్డ రోజున నా వెనకే ఎండుచేపల ఎపిఫానియా ఉంది. ఆమె ఏమీ అడగలేదు. నా చేతిలోని కాగితాలు చూసి ఊరుకుంది. మరునాడు నేను మార్కెట్లో బల్ల సర్దుకుంటుంటే మూటలు మోసేవాళ్లు వచ్చి, "జపాను ఎప్పుడు, మానాంగ్ లిబ్రాదా? మాకు చాక్లెట్లు తేవడం మరిచిపోకు" అన్నారు. మా దగ్గర మానాంగ్ అంటే అక్క. రోజూ వాళ్లకు వేడి చాక్లెట్టు కాచి పోసేది నేనే.

ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు.

కొబ్బరిపాలూ అల్లమూ వేసి ఉడికించిన జిగురన్నం, దానితోపాటు చిక్కటి చాక్లెట్టు, ఇంతే నా వ్యాపారం. నా భర్త పొన్సియానో పోయినప్పటి నుంచి ఆ బల్లే నా ఇల్లు. పిల్లలు లేరు. పక్కింట్లో మరిది ఉల్దారికో, అతని భార్య, కూతురు జోవెలిన్ ఉంటారు. జోవెలిన్ ఫోన్లలో అమెరికావాళ్ల తిట్లు వినే ఉద్యోగం చేస్తుంది. అందుకని ఇంట్లో ఎవరు ఏమన్నా దానికి కోపం రాదు.

నేను జపాను వెళ్లాలనుకున్నది చూడడానికీ కాదు, పనికీ కాదు. నా చెల్లెలు పెర్లా అక్కడుంది. వయసులో ఉండగా పాటలు పాడే ఉద్యోగమని వెళ్లింది. ఉత్తరాన ఆపిల్ తోటలుండే ఊళ్లో ఒక రైతును పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. కిందటేడు మొదట్లో, చలికాలంలో పోయింది. వార్త మాకు చేరేసరికి అంతా అయిపోయింది. దాని భర్త ఒక ఫొటో పంపాడు. బూడిదరంగు సమాధి రాయి, దాని మీద మాకు చదవరాని రాత, రాయి నెత్తిన మంచు. ఆ తరువాత ఆయనా ఇల్లు అమ్ముకుని ఎక్కడికో వెళ్లిపోయాడు. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. అంటే నన్ను రమ్మని పిలిచేవారు అక్కడ ఎవరూ లేరు. వెళ్తే యాత్రికురాలిగా, నా అంతట నేనే వెళ్లాలి.

నవంబరు ఒకటిన వచ్చే సమాధుల పండుగ నాటికి వెళ్లాలన్నది నా పట్టుదల. ఆ రోజున పెర్లా దగ్గర మనవాళ్లెవరూ కూర్చోకుండా ఒక ఏడాది గడిచిపోయింది. రెండో ఏడాదీ అలాగే గడిస్తే నాకు అన్నం సహించదనిపించింది. వీసా ఒకసారి కాదంటే ఆరు నెలల వరకు మళ్లీ అడగకూడదట. అంటే పండుగ దాటిపోతుంది. ఇది తెలిశాక నా తొందర మరీ ఎక్కువైంది.

ఉల్దారికోకు ఈ ప్రయాణం అసలు నచ్చలేదు. ప్రతి ఏడూ పండుగ రాత్రి మేమంతా పొన్సియానో సమాధి పక్కన చాపలు పరుచుకుని, పంది మాంసం తింటూ, పేక ఆడుతూ, అక్కడే నిద్రపోతాం. ఆయన పోయాక ఒక్క ఏడాది కూడా నేను ఆ చాప తప్పించలేదు.

"ఈసారి మా అన్న పక్కన ఎవరు పడుకుంటారు?" అన్నాడు. "అక్కడ రాళ్లకు కాపలా కాయడానికి వెళ్తావా?"

నేను జిగురన్నం గిన్నె తోముతూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ఏడుస్తానని భయం వేసింది.

జోవెలిన్ మాత్రం సంబరపడింది. వీసా పనంతా తనకు వదిలేయమంది. తన ఆఫీసులో ఎవరు జపాను వెళ్లినా వాడుకునే ప్రయాణ కార్యక్రమం ఒకటుందట, దాన్నే అచ్చు వేయించుకొచ్చింది. రోజుకొక వరుస, ఆ రోజు ఏం చూస్తాం, రాత్రి ఎక్కడ ఉంటాం. మొదటి రోజు టోక్యో గోపురం. రెండో రోజు డిస్నీలాండ్. మూడో రోజు మంచుకొండ. సమాధి మాట మాత్రం ఎత్తొద్దంది. వీసా ఆఫీసువాళ్లకు సరదాగా తిరిగొచ్చేవాళ్లే కావాలట. ఏడుపుగొట్టు కారణాలు చూస్తే అక్కడే ఉండిపోతారని అనుమానిస్తారట.

ఆ కాగితాన్ని వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ చదివాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. అంతకుముందు నా కాగితాలన్నీ ఇతరులే నింపేవారు, నేను బొటనవేలు ఒత్తేదాన్ని. వాటిలో ఏముందో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు చదవగలిగి కూడా, మోకాళ్ల నొప్పులతో డిస్నీలాండ్‌లో చెక్క గుర్రం ఎక్కుతానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాలా?

జోవెలిన్ పనికి వెళ్లాక తెల్లకాగితం తీసుకుని, అలాగే గీతలు గీసి, నాకు తెలిసింది రాశాను. మొదటి రోజు విమానం దిగడం, రైలు, పెర్లా ఊరు చేరడం, స్టేషను దగ్గర సత్రంలో పడుకోవడం. రెండో రోజు సమాధి కడగడం. నవంబరు ఒకటిన పెర్లా దగ్గర ఉండడం. తరువాతి రోజు మిగిలిన ఆకులు ఊడ్చి తిరిగి రావడం. రాత్రి బస అన్న గడిలో, నవంబరు ఒకటికి ఎదురుగా, సమాధుల తోట అని రాశాను. అది రాసేటప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఆ రాత్రి మనిషన్నవాళ్లు ఇంకెక్కడ ఉంటారు?

మర్నాడు నేనే వెళ్లి వీసా ఆఫీసు కిటికీలో ఇచ్చేశాను. అక్కడి అమ్మాయి కాగితాలు లెక్కపెట్టి తీసుకుంది, గడులు చదవలేదు.

సాయంత్రం జోవెలిన్ నా దగ్గరున్న నకలు చూసింది. చూస్తూనే కుర్చీలో కూలబడింది.

"పెద్దమ్మా, రాత్రి బస సమాధుల తోట అని రాశావా?"

"అవును. ఏం?"

"హోటల్ పేరు రాయాలి పెద్దమ్మా. జపాను ప్రభుత్వానికి, నేను మీ శ్మశానంలో పడుకుంటానని రాసిచ్చావు."

ఉల్దారికో గోడ అవతల నుంచి విని నవ్వాడు. ఆ నవ్వు మార్కెట్టుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మూటలవాళ్లు నన్ను అడగడం మొదలుపెట్టారు, ఆ హోటల్లో పొద్దుటి ఫలహారం కూడా పెడతారా అని. ఒకతను తనకూ ఒక గది చూడమన్నాడు, కాకపోతే ఇప్పుడే వద్దన్నాడు. నేనూ నవ్వాను.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వీసా ఆఫీసువాళ్లు ఫోను చేస్తే ఎత్తకపోవడం మహాపాపమని జోవెలిన్ భయపెట్టింది. ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడకు కట్టుకున్నాను. స్నానానికి వెళ్లినా మెడలోనే. చాక్లెట్టు రెండుసార్లు అడుగంటింది. ఒకసారి చక్కెర బదులు ఉప్పు వేశాను, మొదటి గుక్క తాగినవాడు నా ముఖం చూసి మారుమాట్లాడకుండా తాగేశాడు. పక్క బల్ల దగ్గర ఫోను మోగినా నా మెడ తడుముకునేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు.

చివరికి ఎపిఫానియానే, తన నోటి పాపం కడుక్కోవడానికేమో, సాంటా క్లారా మఠానికి గుడ్లు తీసుకెళ్లమంది. అక్కడి సిస్టర్లకు గుడ్లిస్తే మన కోసం ప్రార్థన చేస్తారు. పెళ్లి రోజున వాన రాకూడదని కొందరిస్తారు, పరీక్ష గట్టెక్కాలని కొందరు. నేను వెళ్లిన రోజున వరుసలో సగం మంది వీసావాళ్లే. బుట్ట పట్టుకుని ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా.

కిటికీలో సిస్టరుకు బుట్ట అందించబోతుండగా మెడలో ఫోను మోగింది.

బుట్ట దించాలో ఫోను తీయాలో తెలియలేదు. వెనకున్నామె బుట్ట అందుకుంది. ప్లాస్టిక్ ముడి రాలేదు. సంచితో సహా చెవికి ఆనించుకున్నాను.

వీసా దరఖాస్తు గురించేనట. మన దేశపు అమ్మాయి గొంతే, మెత్తగా ఉంది. నా పేరు, పుట్టిన రోజు అడిగింది. తరువాత, "నవంబరు ఒకటి రాత్రి బస దగ్గర సమాధుల తోట అని ఉంది. అది హోటల్ పేరా, మేడమ్?" అంది.

"కాదమ్మా. సమాధుల తోటే. మా చెల్లి అక్కడుంది."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. వరుసలో ఉన్నవాళ్లందరూ నా వైపే చూస్తున్నారు. సిస్టరు కూడా.

"అక్కడ రాత్రిపూట ఎవరూ ఉండరు మేడమ్. ఆ సమయానికి చలి కూడా మొదలవుతుంది."

"మరి వాళ్ల దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"వాళ్ల పండుగ ఎండాకాలంలో. పగలు వెళ్లి, రాయి కడిగి, దండం పెట్టుకుని వచ్చేస్తారు." ఆగి, ఇంకా మెల్లగా అడిగింది. "ఇక్కడ మీకెవరున్నారు మేడమ్? ఎవరి కోసం తిరిగి రావాలి?"

దీనికి జోవెలిన్ నాకు మంచి జవాబు నేర్పింది. బల్ల గురించి, లైసెన్సు గురించి, ఇంటి గురించి. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"మా ఆయనున్నాడు," అన్నాను.

"భర్త చనిపోయినట్టు రాశారు కదా?"

"అవును. ఆయనా ఇక్కడి సమాధుల తోటలోనే ఉన్నాడు. ప్రతి ఏడూ ఆ రాత్రి ఆయన దగ్గరే పడుకుంటాను. ఈ ఒక్కసారికి చెల్లి దగ్గరికి వెళ్తానని చెప్పుకున్నాను. వచ్చే ఏడాదికీ రాకపోతే ఆయన తమ్ముడు నన్ను వీధిలో తిరగనివ్వడు."

ఆ అమ్మాయి దగ్గింది. దగ్గో నవ్వో నాకు తెలియదు. నవంబరు ఒకటికి ఏదైనా బస చూసుకుని ఆ ఒక్క కాగితం మార్చి ఇవ్వమంది. వీసా వస్తుందని చెప్పలేదు, రాదని చెప్పలేదు. ఫోను పెట్టేశాక నేను సంచి ముడి సర్దుకుంటుంటే వెనకామె నా బుట్టను తనే కిటికీలో పెట్టింది. "గుడ్లు తిరిగి తీసుకెళ్లనక్కర్లేదులే, డాయ్," అంది. ఆమె నాకంటే చాలా పెద్దది, చిన్నపిల్లను పిలిచినట్టే పిలిచింది.

కాగితం మళ్లీ నేనే రాశాను. జోవెలిన్ పక్కన కూర్చుని, ఆ రాత్రి కూడా అదే సత్రమని ఒప్పించింది. ఆ గడిలో సత్రం పేరు రాస్తుంటే పెర్లాకు మాట తప్పుతున్నట్టు అనిపించింది. పగలంతా ఉంటానని మనసులో చెప్పుకుని రాశాను.

పాస్‌పోర్టు తీసుకోమని కబురు వచ్చేసరికి ఊరంతా సమాధులకు సున్నాలు వేస్తోంది. ఆఫీసులో కవరు చేతికిచ్చారు. అక్కడే తెరిచినవాళ్లలో ఒక కుర్రది గెంతింది, ఒకాయన కవరు మడిచి జేబులో పెట్టుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు. నాకు తెరవడానికి ధైర్యం చాలలేదు. వీసా అంటిస్తే పుస్తకం బరువెక్కుతుందంటారు. జీప్నీ బండిలో కూర్చుని దారి పొడుగునా చేత్తో తూచి చూశాను. ఒక మలుపులో బరువుగా ఉండేది, ఇంకో మలుపులో తేలికైపోయేది. ఇంటి దగ్గర దిగలేదు. సమాధుల తోట దగ్గర దిగాను.

ఉల్దారికో ఒక్కడే ఉన్నాడు. చొక్కా విప్పి పొన్సియానో సమాధికి తెల్లరంగు వేస్తున్నాడు. నన్ను చూసి, నా చేతిలో కవరు చూసి, కుంచె ఆపాడు.

"తెరవలేదా?"

"భయంగా ఉంది."

"మా అన్న ముందు తెరువు. ఆయనకూ తెలియాలిగా."

సమాధి అంచుకు ఆనుకుని తెరిచాను. రంగు ఇంకా ఆరలేదు, చూసుకోలేదు. పేజీలు తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. రెండు పేజీలు అతుక్కుని ఉంటే గోటితో విడదీశాను. పువ్వు బొమ్మ ఉన్న వీసా కాగితం. దాని మీద నా పేరు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. తారీఖు చదివాను. పండుగకు ముందే వెళ్లొచ్చు.

ఉల్దారికో మళ్లీ కుంచె ముంచి, ఇంతకుముందు వేసిన చోటే ఇంకోసారి వేశాడు. నా బొటనవేలి రంగు పాస్‌పోర్టు అట్ట మీద తెల్లగా అంటుకుపోయింది. తుడిస్తే ఇంకా పాకింది.

"అట్లా రుద్దకు. ఇంటికెళ్లాక కిరసనాయిలుతో తీద్దాం," అన్నాడు. తన సంచిలో చెయ్యి పెట్టి, పండుగ కోసం కొన్న కొవ్వొత్తుల కట్ట తీసి, లావుపాటివి రెండు ఏరి నాకిచ్చాడు. "ఇవి గాలికి తొందరగా ఆరవు. అక్కడివి ఎట్లా ఉంటాయో ఏమో."

"రాత్రి ఉండనివ్వరట."

"ఉండనిచ్చినంతసేపు వెలిగించు. మిగిలిన ముక్కలు పారేయకుండా తీసుకురా, వదినా. ఇక్కడ అన్న దగ్గర వెలిగిద్దాం."

ఇంటికి వెళ్లేటప్పుడు జీప్నీ గుంటల్లో ఎగిరెగిరి పడుతోంది. కొవ్వొత్తులు విరుగుతాయేమోనని సంచిని రెండు చేతులతో ఒళ్లో పట్టుకున్నాను. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానో గుర్తురాక మూడుసార్లు వెతుక్కున్నాను. మూడుసార్లూ అది నా మెడలో, ఫోను సంచిలోనే ఉంది.