రెండో మనిషి

“ఊళ్ళోవాళ్ళ నెత్తురంతా మన బకెట్లోనే ఉతకాలా, అమ్మాయ్?” అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

కోడలు బకెట్లోని దుప్పటిని ఇంకోసారి పిండింది. ఆరోజు పొద్దున్న నిచ్చెన మీంచి జారిపడ్డ తాపీమేస్త్రీకి తల కింద పెట్టిన దుప్పటి అది. నెత్తురు మరకకి చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు తగిలితే మరక గుడ్డని వదలనే వదలదు. ఆ సంగతి ఆమెకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లగా పుట్టిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కూడా. కాసేపటికి అత్తగారే మళ్ళీ వచ్చి, కొత్త సబ్బుబిళ్ళ గట్టు మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మనసు అలాంటిది. నోరు ఒక దారిన, చెయ్యి ఇంకో దారిన పోతుంటాయి.

ఊళ్ళో ఆమెని అందరూ “ముందొచ్చే ఆవిడ” అంటారు. పెద్దాసుపత్రి దూరం. అంబులెన్సు వచ్చేలోగా ఎవరో ఒకరు వెళ్ళి నెత్తురు ఆపాలి, ఊపిరి నిలపాలి. అందుకని మున్సిపాలిటీ వాళ్ళు ఆ మధ్య కొందరిని పోగేసి, శిక్షణ ఇప్పించి, తలా ఒక ప్రథమచికిత్స సంచీ చేతికిచ్చి, ఫొటో దిగి, ఆ తర్వాత మరిచిపోయారు. బడిపంతులికి బదిలీ అయింది. మందుల షాపాయన బేరాలు పోతున్నాయని మానుకున్నాడు. చివరికి ఆమె, టైలరమ్మ మిగిలారు. ఫోను రాగానే టైలరమ్మ మెళ్ళో టేపు తియ్యకుండానే స్కూటరు తీసేది. వెనక సంచీ పట్టుకుని ఈమె కూర్చునేది. ఒకరు గుండె మీద నొక్కితే ఇంకొకరు రబ్బరు బుడగతో ఊపిరి అందించేవాళ్ళు. ఆ తర్వాత చోట్లు మారేవాళ్ళు. శిక్షణ ఇచ్చిన నర్సు మరీమరీ చెప్పిన మాట అదే: “ఇద్దరు వెళ్ళండి. చేతులు మార్చుకోండి. అలిసిన చెయ్యి తను నొక్కుతున్నాననే అనుకుంటుంది. గుండెకి మాత్రం అందదు.”

ఒకరోజు టైలరమ్మ ఇంటికొచ్చి కూర్చోకుండానే చెప్పేసింది. “అక్కా, నువ్వు నన్ను తిట్టుకోకు. మిషను ఆగితే నా ఇల్లు ఆగుతుంది. మొన్న పెళ్ళివారి జాకెట్లు పొద్దున ఇస్తానని సాయంత్రం ఇచ్చాను. ‘నువ్వు ఊళ్ళోవాళ్ళ ప్రాణాలే నిలుపుతూ ఉండు తల్లీ, మా బట్టలు వేరేచోట కుట్టించుకుంటాం’ అని ఎత్తిపొడిచి పోయారు.” ఆ తర్వాత ఆమె పక్క ఊళ్ళో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరిపోయింది. స్కూటరు కూడా పోయింది. ముందొచ్చే ఆవిడ అప్పటినుంచి నడిచో, పరిగెత్తో వెళ్తోంది.

అలా పరిగెత్తి వెళ్ళిన ఇళ్ళలో గడియారాలు బాగుచేసే ఆయన ఇల్లొకటి. ఆయన దుకాణం గదిలోనే నేల మీద పడి ఉన్నాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. చుట్టూ గోడకి ఆనుకుని బోలెడుమంది. “బాబూ, మీలో ఎవరైనా ఇలా రండి, ఇక్కడ చేతులు పెట్టండి, నేను చూపిస్తాను” అని అడిగింది. ఆయన తమ్ముడు వెనక్కి జరిగాడు. “అమ్మో, నా వల్ల కాదు, ఏమన్నా అయితే?” అన్నాడెవరో. ఏమన్నా అయితే! అయ్యేది అప్పటికే అవుతోంది. భుజాలు మండాయి. తర్వాత మంట కూడా పోయి చేతులు తనవి కానట్టు అయిపోయాయి. ఇంతమంది మధ్యలో ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమెకి అంతకుముందు తెలియదు. కాదు, తెలుసు. ఇంటినిండా చుట్టాలున్న రోజున వంటింట్లో నిలబడినప్పుడు చాలాసార్లు తెలిసింది. ఇక్కడ మాత్రం ఆ ఒంటరితనం కింద ఒక మనిషి ఉన్నాడు.

అంబులెన్సు వచ్చింది. అందులోని కుర్ర నర్సు ఆమెని మెల్లగా పక్కకి జరిపాడు. అంతా అయ్యాక, “మీరు చెయ్యాల్సింది చేశారమ్మా. ఇంకొకరు గనక ఉండుంటే...” అని, తన మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయి, తన సీసాలో నీళ్ళు ఆమెకిచ్చాడు. ఆ ఆగిపోయిన మాట ఆమెతోపాటు ఇంటికొచ్చేసింది. అది కూర తరుగుతుంటే పక్కన కూర్చుంటుంది. పడుకుంటే దిండు కిందికి చేరుతుంది.

భర్తకి పెయింట్ల దుకాణం ఉంది. వార్డు కౌన్సిలరు కూడా. ఆరోజు ఆమె గడప దాటగానే, “పాపం, పోయాడటగా. వెళ్ళి స్నానం చేసిరా, ఆకలి దంచేస్తోంది” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆమెకి జ్వరమొస్తే మాత్ర తెచ్చి మంచం పక్కన పెడతాడు. నీళ్ళు మాత్రం మరిచిపోతాడు. ఆ ఇంట్లో అలసట అనేది ఆయనకి వస్తుంది, దుకాణం మూసి వచ్చాక. అత్తగారికి వస్తుంది, మోకాళ్ళలో. ఆమెకి వస్తే మటుకు దాని పేరు బద్ధకం. అందుకని అలిసిపోయానన్న మాట ఆమె ఎన్నడూ వాడలేదు. “రెండో మనిషి ఉండాలండీ. జీతమిస్తేనే ఎవరైనా నిలబడతారు” అని మాత్రం చెప్పింది. “బడ్జెట్ మీటింగులో వస్తోంది, రెండు పోస్టులు. నేను మాట్లాడతాగా, నువ్వు నిశ్చింతగా ఉండు” అన్నాడాయన.

మీటింగు రోజున ఆమె త్వరగా వంట ముగించుకుని, ఎప్పట్లాగే సంచీ భుజాన వేసుకుని వెళ్ళి, హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంది. పక్కన ఒకావిడ ఒదిగి చోటిచ్చింది. చూస్తే గడియారాల ఆయన భార్య. దుకాణం లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుందామని వచ్చిందట. ఇద్దరూ తలలూపుకున్నారు.

భర్త లేచాడు. చొక్కా సర్దుకున్నాడు.

“ఈ రెండు పోస్టుల విషయంలో నేను అందరికంటే బాగా చెప్పగలను, ఎందుకంటే మా ఇంటావిడే ఆ పని చేస్తోంది. నోటి దగ్గర ముద్ద వదిలేసి పరిగెత్తిన రోజులున్నాయి. ఒక్క రూపాయి ఆశించలేదు. అది సేవ! సేవకి జీతం కడితే సేవ చేసేవాళ్ళని అవమానించినట్టే. కొత్త సంచీలు ఇద్దాం, ప్రశంసాపత్రం ఇద్దాం. ఆ డబ్బు కూడలిలో ఫౌంటెన్‌కి వాడదాం.”

“మీ ఇంట్లో అయితే అన్నీ ఉచితమేనయ్యా! మా ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళడిగినా సణుగుడే” అన్నాడు పక్క కౌన్సిలరు. హాలంతా నవ్వింది. సిమెంటు వ్యాపారి అయిన ఛైర్మన్‌ కూడా నవ్వుతూ, “అమ్మగారు వచ్చారే! ఒకసారి లేవండమ్మా, అందరూ చూస్తారు” అన్నాడు.

ఆమె లేచింది. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది భర్తే. ఆ మొహంలో నిజమైన గర్వం ఉంది. అదే ఆమెకి భరించరానిదిగా తోచింది. ఆమెని అడ్డం పెట్టి ఆమె నోరే మూశానని ఆయనకి తెలియనే తెలియదు.

“ఒక మాట చెప్పి వెళ్ళండమ్మా” అన్నాడు ఛైర్మన్‌.

ఏవేవో చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే.

“నేను అలిసిపోయాను.”

హాల్లో ఇంకా నవ్వుతున్నవాళ్ళు ఆపేశారు.

“గడియారాల ఆయన మీద నొక్కుతూ అలిసిపోయాను. చేతులు మార్చుకోవడానికి ఎవరూ లేరు. ఇద్దరం ఉంటే ఆయన బతికేవాడని నేను చెప్పను, నాకు తెలీదు. అలిసిపోయానని మాత్రం తెలుసు.”

చెప్పాక గానీ పక్కన ఎవరున్నారో ఆమెకి గుర్తు రాలేదు. బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆవిడ వైపు చూడలేకపోయింది. కాసేపటికి ఆవిడే ఆమె మణికట్టు పట్టుకుంది. “మీరు ఆపలేదమ్మా. వాళ్ళొచ్చి మిమ్మల్ని లేపేదాకా ఆపలేదు. నేను చూస్తూనే ఉన్నాను” అంది నెమ్మదిగా. తర్వాత ఆ చెయ్యి వదల్లేదు.

ముందు వరసలో గుసగుసలు సాగాయి. చివరికి ఛైర్మన్‌ గొంతు సవరించుకున్నాడు. “అమ్మగారి మాటలో న్యాయముంది. రెండో మనిషి ఉండాల్సిందే. అమ్మగారు ఎలాగూ ఉన్నారు కాబట్టి ఒక్క పోస్టు మంజూరు చేద్దాం. జీతంతో. ఏమంటారు?” చేతులన్నీ లేచాయి. ఆమె భర్త చెయ్యి అన్నిటికంటే ముందు లేచింది. మళ్ళీ చప్పట్లు.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

“సాధించావు! అయినా అలిసిపోయానని అంతమందిలో చెప్పాలా? ఇంట్లో నాతో అంటే నేను విననా?”

నిజంగానే అడుగుతున్నాడు. వినేవాడే. విని, “కాసేపు పడుకో, వంట తర్వాత చేద్దువుగాని” అనేవాడు. అది తలచుకుంటే ఆమెకి కోపం రాలేదు. ఇన్నేళ్ళు పక్కనే నడిచిన మనిషి ఎంత దూరాన ఉన్నాడో కొలతకి అందింది, అంతే.

“నువ్వు కోరిందీ అదేగా,” అంటున్నాడాయన, “రెండో మనిషి. ఎవరో ఒకరు దరఖాస్తు పెడతారు. వాళ్ళకి జీతం, నీకు తోడు.”

ఆమె ఆగింది. సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

“ఆ పోస్టుకి నేనే దరఖాస్తు పెడుతున్నానండీ. రేపే.”

“నువ్వా? నువ్వెలాగూ వెళ్తున్నావుగా! నీకు ఆ పోస్టు ఇస్తే మరి రెండో మనిషి ఎక్కణ్ణుంచి వస్తారు?”

“ఇన్నాళ్ళూ నేనడుగుతున్నదీ అదే,” అని ఆమె ముందుకి నడిచింది.