మిషను పిల్ల

తెలుగు నేర్చుకుని తీరాలని ఇషిత కంకణం కట్టుకుంది. పుట్టి పెరిగింది ఢిల్లీ, ఉద్యోగం కూడా అక్కడే, సాకేత్‌లో. పార్వతీపురంలో బాబాయి ఇంట ఉండే నాన్నమ్మ ఏం చెప్పినా అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. దాన్ని తండ్రి సదాశివరావు తెలుగు చేసి చెప్పాలి. ఆయన కేంద్ర ప్రభుత్వ అధికారి. కూతురి మాటలనూ ఫైలు నోటింగులాగే సగానికి కుదించి పంపేవాడు. ఇరవై ఆరేళ్ళొచ్చినా నాన్నమ్మతో తన మాట తను చెప్పుకోలేకపోవడం ఇషితకు నామోషీగా ఉండేది.

అందుకే ఒక యాప్ పెట్టుకుంది. వాక్యం టైపు చేస్తే యంత్రం గొంతు చదివి వినిపిస్తుంది. దానికి అలుపూ లేదు, తడబాటూ లేదు. మెట్రోలో నెల రోజులు ఆ గొంతునే వల్లె వేసి, ఒక ఆదివారం తన నంబరు నుంచి నాన్నమ్మకు ఫోన్ చేసింది.

“నమస్కారం. మీ ఆరోగ్యం ఎలా ఉంది? నేను మీతో మాట్లాడాలనుకుంటున్నాను.”

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్టయింది. పది నిమిషాలకు నాన్నమ్మే కొడుక్కు ఫోన్ చేసింది.

“ఒరే, ఆ బీమా కంపెనీ మిషను పిల్ల పొద్దున్నించీ పీక్కు తినేస్తంది. దాన్ని ఆపే దారేటైనా ఉందేట్రా?”

సదాశివరావు పడీపడీ నవ్వాడు. కూతురి కళ్ళలో నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు.

“ఇత్‌నా ప్రాక్టీస్ కియా, డాడీ,” అంది ఇషిత, నెల రోజుల కష్టం తలుచుకుని.

“యాప్‌లో తప్పేం లేదమ్మా. శుభ్రంగా వార్తలు చదివినట్టు చదువుతోంది. మీ నాన్నమ్మతో అలా ఎవరూ మాట్లాడరు, అంతే. ఠీక్ హై, ఆ మాటలు నా గొంతుతో రికార్డు చేసిస్తా, విని నేర్చుకో.”

మొదటిసారి ఆయన గొంతు సవరించుకుని మీటింగులో ప్రసంగించినట్టు చదివాడు. ఇషిత పెదవి విరిచింది. రెండోసారి కళ్ళు మూసుకుని, ఎదురుగా తల్లి ఉందనుకున్నాడు. అప్పుడు ఫోన్‌లో ఆవిడతో తప్ప ఎక్కడా వాడని యాస బయటికొచ్చింది. మధ్యలో దగ్గాడు. కుక్కర్ కూసింది. “సరోజా, స్టవ్ కట్టెయ్యి” అని భార్యను కేకేశాడు. వారం రోజులు ఇషిత అదంతా వింది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ సాగదీశాడో పట్టుకుంది. యాప్‌నూ వదల్లేదు లెండి, కొత్త మాట ఎలా పలకాలో తెలియకపోతే దానికి మించిన దిక్కు లేదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ ఫోన్ చేసింది.

“నాన్నమ్మా, నేను... ఇషితని. తిన్నావేటి? నేను... ఆఁ... ఇప్పుడే తిన్నాను.”

ఈసారి ఫోన్ కట్ కాలేదు.

“ఓలమ్మ, నువ్వేటే?” అంది నాన్నమ్మ. “ఏటి కూర తిన్నావు?”

ఆ ప్రశ్న రికార్డులో లేదు. అయినా ఇషిత బెండకాయ అంది. ఎలా వండారో చెప్పబోయి చిక్కుకుపోయి మళ్ళీ మొదలుపెట్టింది. నాన్నమ్మ దిద్దుతూ వింది. ముప్పావుగంట గడిచింది.

అలవాటు కొద్దీ సదాశివరావు ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

“నాన్న మాట్లాడతారంట,” అంది ఇషిత.

“ఆడితో ఏటుందే, రోజూ ఉన్నదే. నువ్వు సెప్పు.”

స్పీకర్‌లో ఆ మాట విని సదాశివరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ దుబాసీ ఉద్యోగం ఊడిపోయింది. అంత సంబరంగా ఉద్యోగం పోగొట్టుకున్న ప్రభుత్వాధికారి ఢిల్లీలో మరొకడు ఉండడు.