కుండపెంకు నీడ

తలుపు తీయగానే అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందుగది నగల కొట్టులా వెలిగిపోతోంది. వెలుగంతా గోడవారనున్న గాజుతొట్టిలోంచే. పక్కన తమ్ముడు చేతులు కట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

తొట్టిలో ఉండేది ఆమె పెంచుకుంటున్న సాలమాండర్. చూడటానికి బల్లి పోలిక, చర్మం మాత్రం కప్పకున్నట్టు తడి. నల్లటి ఒంటి మీద పసుప్పచ్చ మచ్చలు. చల్లదనం, కాస్త చీకటి ఉంటే చాలు, హాయిగా బతుకుతుంది. వేడి తగిలితే ఎండిపోయి చస్తుంది. పగలేదో రాత్రేదో దానికి తెలిసేలా, వేడెక్కని చిన్న ఎల్ఈడీ ఒక్కటి ఓ పక్కన పెట్టమని తమ్ముడికి చిలక్కి చెప్పినట్టు చెప్పి పనికి వెళ్లింది. బుద్ధి గడ్డి తిని తాళంచెవి కూడా వాడి చేతిలోనే పెట్టింది.

వాడి పని కొట్లలో అద్దాల బీరువాలకి లైట్లు బిగించడం. అద్దం వెనక చీకటి మూల కనిపిస్తే వాడికి నిద్ర పట్టదు. అందుకే జాలీ మూత మీద మూడు హాలోజెన్ దీపాలు బిగించాడు. నీడ పడుతోందని, అది దాక్కునే కుండపెంకు తీసి కిటికీలో పెట్టాడు.

"ఇన్నాళ్లూ అది ఉందో లేదో కూడా తెలిసేది కాదక్కా. ఇప్పుడు చూడు, ఒక్కో మచ్చా లెక్కపెట్టొచ్చు."

అక్క చూసింది. నాచు అంచులు వాడిపోయాయి. సాలమాండర్ నీళ్లపళ్లెం కిందికి తల దూర్చింది. మిగతా ఒళ్లు పట్టక బయటే ఉండిపోయింది.

ఆమె మూతని దీపాలతో సహా ఎత్తి పక్కనున్న రెండు కుర్చీల మధ్య వంతెనలా ఆనించింది.

"దీని కింద చెయ్యి పెట్టు."

వాడు నవ్వుతూనే పెట్టాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఇంకాసేపటికి చెయ్యి లాక్కున్నాడు.

"కాలుతోందక్కా."

"నువ్వు లాక్కున్నావు. దాని పెంకు కిటికీలో పెట్టావు కదా, అదెక్కడికి పోవాలిరా?"

"మంచికేగా చేశాను."

"ఎవరి మంచికి? చూసే సరదా నీది, చచ్చేది అది."

ఒళ్లు మండిపోతున్నా చేతులు మాత్రం నెమ్మదిగానే కదిలాయి. ప్లగ్గు పీకింది. పెంకు కడిగి యథాస్థానంలో పెట్టింది. నాచు మీద చల్లటి నీళ్లు చిలకరించింది. సాలమాండర్ కదల్లేదు. తమ్ముడు మొహం మాడ్చుకుని, చెప్పకుండానే దీపాలు విప్పేసి, చిన్న ఎల్ఈడీ ఒక్కటి ఓ చివర బిగించి, మూత మళ్లీ తొట్టి మీద పెట్టాడు. స్విచ్చి మీద వేలు పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

కిటికీలో వెలుతురు తగ్గాక తోక మెల్లగా కదిలింది. పళ్లెం కింద నుంచి తల బయటికొచ్చింది. ఒళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి పెంకు కింద దూరిపోయింది.

"హమ్మయ్య," అన్నాడు తమ్ముడు. వంగి చూశాడు. "ఏమీ కనపడట్లేదక్కా."

"కనపడదు. అది దాని ఇల్లు."

ఆమె కోపం చల్లారలేదు. లేచి వాడి ముందు చెయ్యి చాపింది.

"నా ఇంటి తాళంచెవి ఇలా ఇవ్వు."