గిరి దాటని కొడుకు

“చూడమ్మా నా ముసుగు! బడికి ఇది చుట్టుకుని వెళ్తే పొయ్యిలోంచి లేచొచ్చాననుకుంటారు అందరూ.”

యెల్మి తడి ముసుగును తల్లి ముఖం ముందు ఆడించింది. నిన్నటిదాకా తెల్లగా మెరిసిన గుడ్డ ఇప్పుడు బూడిద రంగుకు తిరిగింది. అదే బకెట్టులో అన్న హఫ్రి నల్ల లాగు కూడా నానింది మరి. గుండ్రంగా తిరుగుతూ పాటలతో కథ ఆడే రందాయ్ ఆటకు వేసుకునే లాగు అది. కాళ్ల మధ్య బట్ట వదులుగా వేలాడుతుంది, అరచేత్తో చరిస్తే డప్పులా మోగుతుంది.

“నా లాగు ముందే ఉంది బకెట్టులో. చూసి వెయ్యద్దూ?” అన్నాడు హఫ్రి, అరటిపండు బజ్జీ నములుతూ.

“వారం వారం సముద్రాలు దాటే మొనగాడివి, ఏటిదాకా వెళ్లి నీ లాగు నువ్వు ఉతుక్కోలేవూ?”

గుమ్మంలో తమలపాకులు మడుస్తున్న అమ్మమ్మ కిసుక్కున నవ్వింది. హఫ్రి కూడా నవ్వబోయి మానుకున్నాడు.

“చాల్లే, ఆపండి. అది ఇటివ్వు, నిమ్మకాయ రుద్ది చూస్తాను,” అంది అస్నిమార్. కూతురి ఎత్తిపొడుపు ఆమెకు కొత్త కాదు. కాఫీ దుకాణంలో కొన్నాళ్లుగా నలుగుతున్నదే. శనివారం సాయంత్రం ఆటలో తల్లికి మొక్కి దేశాంతరం పోతాడట, ఆదివారం పొద్దున తల్లి వండిన అన్నం ముందు కనబడతాడట!

ఆ ఊళ్లో ఇళ్లూ పొలాలూ ఆడవాళ్లవి. మీసాలు వచ్చిన మగపిల్లవాడు ఊరు విడిచి వెళ్లి, ఏదో ఒకటి సంపాదించుకుని, తలెత్తుకుని రావాలి. వెళ్లనివాణ్ణి ఎవరూ తిట్టరు. పెళ్లి మాటల్లో వాడి పేరు రాదు, పెద్దల వరసలో వాడికి చాప పడదు, అంతే. హఫ్రికి ఇరవై రెండు నిండాయి. పండక్కి వచ్చిన అస్నిమార్ అన్న షఫ్నిల్ సోమవారం జకార్తాకు తిరిగి వెళ్తూ మేనల్లుణ్ణి తన బట్టల దుకాణానికి తీసుకుపోతానన్నాడు. పిల్లల సంగతిలో మేనమామ మాటే మాట. కన్నతండ్రి ఆ ఇంటికి అల్లుడు, అంటే మర్యాదగా చూసుకోవలసిన అతిథి. హఫ్రి వస్తాననలేదు, రాననలేదు. అస్నిమార్ మాత్రం వాడి చొక్కాలు ఇస్త్రీ చేసి సంచిలో సర్దేసింది.

వాణ్ణి ఆమె పెంచినదే అందుకు. గుడ్డ ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి బుజాంగ్ సారిక్ కథ చెప్పింది. ఇప్పుడు రందాయ్‌లో హఫ్రి కట్టేది ఆ బుజాంగ్ వేషమే. ఊరి నవ్వులు పడలేక బుజాంగ్ ఓడ ఎక్కుతాడు. తల్లి ఏళ్ల తరబడి ఇంటి మెట్ల మీదే కూర్చుంటుంది. జరీబట్టలు నింపిన ఓడతో అతడు తిరిగివచ్చిన రోజున, “ఇవాళ కన్నాను నాయనా నిన్ను,” అంటుంది. ఆ మాట దగ్గర కళ్లు తుడుచుకోని ఆడది ఊళ్లో లేదు. పడాంగ్‌లో సాహిత్యం చదువుకుని వచ్చి, వంటింట్లోనే ఉండిపోయిన అస్నిమార్‌కు ఆ కథ ప్రతి పదమూ కంఠతా వచ్చు. ఆటగాళ్లు మాట మరచిపోతే ఆమె వైపే చూస్తారు. ఒక్క పదం తారుమారైనా ఆమె ఊరుకోదు.

ఆ శనివారం కొత్త కులపెద్దకు తలపాగా చుట్టే వేడుక. సాయంత్రపు నమాజు అయ్యాక వాకిట్లో ఆట మొదలైంది. ఆటగాళ్లు గుండ్రంగా గిరికట్టి, పాడుతూ, లాగులు చరుస్తూ తిరుగుతున్నారు. షఫ్నిల్ ముందు వరసలో, పెద్దల పక్కన కూర్చున్నాడు. గిరి నడుమ హఫ్రి వంగి, తల్లి వేషం కట్టిన దర్జీ భార్య ఎర్నికి మొక్కాడు. ఆమె బట్టల మూట అందించింది. పాట ముగిసింది. ఇక ఇద్దరు ఆటగాళ్ల మధ్యనుంచి గిరి దాటి అడుగు బయట పెట్టాలి. పెడితే ఊరు దాటినట్టు.

హఫ్రి అడుగు పెట్టలేదు.

ఆటను నడిపించే పెద్దమనిషి కేక వేశాడు. గిరి మళ్లీ ఒక చుట్టు తిరిగింది. హఫ్రి మూట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

“బస్సు తప్పిపోయిందిరోయ్!” అని ఎవరో అరిచారు. వాకిలి ఘొల్లుమంది.

“అమ్మా, ఉత్త చేతులతో వస్తేనో?” అన్నాడు హఫ్రి ఎర్నితో. కథలో లేని మాట అది. “ఉత్త చేతులతో వస్తే నన్ను కననట్టేనా?”

నవ్వులు ఆగిపోయాయి. ఎర్ని అలవాటుగా అస్నిమార్ వైపు చూసింది. ఆ ప్రశ్నకు కథలో జవాబు లేదు. చివరికి ఆ పెద్దమనిషి పిల్లనగ్రోవి ఊదించి, ఇద్దరి చేత హఫ్రిని బయటికి తోయించాడు.

“నలుగురిలో నా తల తీసేశాడు,” అని ఇంటికి వచ్చేదాకా షఫ్నిల్ గొణుగుతూనే ఉన్నాడు. “సోమవారం సంచి నేనే మోసుకుపోతాను. వాడు వెనకాల వస్తాడు. అంతే.”

మర్నాడు పొద్దున అస్నిమార్ చిన్నఉల్లిపాయలు ఒలుస్తుంటే భర్త నజ్వర్ది వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు. ఇంటి విషయాల్లో మాట కలిపే మనిషి కాదాయన.

“నిన్న వాడు అడిగింది నా గురించేమో అనుకున్నాను ఒక్క క్షణం,” అన్నాడు.

ఆమె ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. పెళ్లయ్యాక చాలా ఏళ్లు మెదాన్‌లో తిరిగి, ఏమీ నిలవక, ఒక్క చేతిసంచితో తిరిగి వచ్చినవాడు ఆయన. పట్నం గాలి పడక డాక్టరు పంపేశాడని అస్నిమార్ ఇరుగుపొరుగుకు చెప్పింది.

“డాక్టరు కథ బాగా అల్లావులే. కొన్నాళ్లకు నాకే దగ్గు మొదలైంది,” అని నవ్వాడాయన.

“మీ పరువు కోసమే కదండీ.”

“కాదన్నానా? కాని వాడికప్పుడు ఆరేళ్లు. నేను కొబ్బరిచెట్లు ఎక్కుతుంటే కింద నిలబడి కాయలు ఏరుకున్నది వాడే. నాకు జబ్బు లేదని వాడికి తెలుసు. మరి అమ్మ ఎందుకలా చెబుతోందో కూడా తెలిసే ఉంటుంది.”

ఉల్లిపాయల గిన్నె పక్కకు పెట్టి అస్నిమార్ ఏటి వైపు నడిచింది. తమ పొలంలో, కౌలుదారు పట్టించుకోక తెగిపోయిన గట్టు దగ్గర హఫ్రి మోకాళ్ల లోతు బురదలో ఉన్నాడు.

“మనం చెయ్యని పొలానికి నువ్వెందుకురా గట్టు వెయ్యడం?”

“నీళ్లు పోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటామమ్మా?”

“నిజం చెప్పు. వెళ్లడానికి భయమా?”

వాడు పార గట్టుకు ఆనించాడు. “భయం కొంచెం ఉంది. అయినా అందుకు కాదు. దుకాణంలో మీటర్లు కొలుస్తూ కూర్చోవడం నాకెందుకో ఊహకందదు. ఇక్కడైతే పొద్దున లేవగానే ఏం చెయ్యాలో తెలుస్తుంది.” మళ్లీ పార ఎత్తుతూ, “నువ్వు పొమ్మంటే పోతాను. కాని నిన్నటి మాటకు జవాబు చెప్పి పంపు,” అన్నాడు.

ఆమె గట్టు మీద నిలబడింది. తన ఊరు మగాళ్లకు రెండే రెండు వేషాలు ఇచ్చిందనీ, వాటిలో ఒకదాన్నే తాను ఇన్నేళ్లూ తప్పు లేకుండా దిద్ది పెట్టిందనీ ఆమెకు తోచింది. రెండోది ఉత్త చేతులతో తిరిగివచ్చిన తన భర్తది. దానికి మాటలే రాయలేదెవరూ. తల్లి కూర్చునే ఆ మెట్ల మీద ఓడ కోసం తప్ప మనిషి కోసం ఎవరు చూశారు?

ఆ మధ్యాహ్నం అందరూ చాపల మీద కూర్చున్నారు. అతిథి వరసలో నజ్వర్ది, ఎదురుగా షఫ్నిల్, స్తంభానికి ఆనుకుని అమ్మమ్మ. హఫ్రి కంచంలో అన్నం కెలుకుతున్నాడు. యెల్మి కూడా ఇవాళ అన్నను ఏమీ అనడం లేదు.

“ఏరా, సంచి సిద్ధమేనా? బస్సు పొద్దున్నే,” అన్నాడు షఫ్నిల్.

అస్నిమార్ గరిట కింద పెట్టింది.

“ఉడా, హఫ్రి రావడం లేదు,” అంది అన్నతో.

షఫ్నిల్ నోటి దగ్గర ముద్ద ఆగింది. “మేనమామను నేను బతికుండగా ఆ మాట నువ్వంటావా?”

“నీ మాట నేనెప్పుడైనా జవదాటానా, ఉడా? ఇది వాడి మాట. నిన్న అందరి ముందూ అడిగాడు. మనమే విననట్టు కూర్చున్నాం.”

“ఊళ్లో ఏమంటారో తెలుసా? ఆడంగి వెధవ, తల్లి కొంగు పట్టుకున్నాడు అంటారు.”

“అంటారు. కొన్నాళ్లు గట్టిగానే అంటారు. ఈయన్ని అంటారేమోనని ఒకసారి భయపడి అబద్ధం చెప్పాను.” ఆమె భర్త వైపు చూసింది. “ఈయనకు ఏ జబ్బూ రాలేదు. మెదాన్‌లో పని సాగలేదు, ఇంటికి వచ్చారు. ఎవరైనా అడిగితే ఇకమీద అదే చెబుతాను.”

షఫ్నిల్ తల్లి వైపు తిరిగాడు. “విన్నావా అమ్మా నీ కూతురి మాటలు?”

“చెవుడు నాకు ఇంకా రాలేదు,” అంది అమ్మమ్మ. “ఆ పిల్లాడు పొద్దున బురదతో వచ్చాడు. ఏం చేస్తాడట ఇక్కడుండి?”

“ఏటి పక్క పొలం కౌలు మాన్పిస్తున్నాను,” అంది అస్నిమార్. “పొలం నీదీ నాదీ. నువ్వు ఒప్పుకుంటే వచ్చే నాట్ల నుంచి హఫ్రి చేస్తాడు.”

అమ్మమ్మ మనవడి చేతులకేసి చూసింది. “చెయ్యనీ. ముందు అల్లుడికి చేప వెయ్యి, కంచం ఖాళీగా ఉంది.”