తొల్సూరు కాన్పుకు ఏ దవాఖాన?

యాదలక్ష్మి కంటికి కునుకు పట్టక వారం దాటింది. కూతురు శ్వేతకు నెలలు నిండాయి. తొల్సూరు, అంటే మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి గనుక, మంచైనా చెడైనా తల్లి నెత్తినే పడుతుంది. మొగుడు ఐలయ్య ఉన్నాడంటే ఉన్నాడు, భీవండిలో మరమగ్గాల దగ్గర. ఫోను చేస్తే "నీకు తెల్వనిదేముంది, మంచి దవాఖాన నువ్వే చూడు" అంటాడు. అదేదో అంగట్లో వంకాయలు ఏరుకున్నంత సులువైనట్టు!

సిద్దిపేటలో నర్సింగ్ హోములకు కరువా? ఏ సందు మలుపు తిరిగినా ఒక బోర్డు కనబడుతుంది. సర్కారు దవాఖానలో కాన్పులు మంచిగానే అవుతున్నాయట కదా అని శ్వేత ఒకసారి అంటే, వియ్యపురాలు ఫోనులోనే ముఖం ముడుచుకుంది. ఫోనులో ముఖం కనబడదు, నిజమే. కానీ ఆమె ముడుచుకుంటే వినబడుతుంది. "మా ఇంటి కోడలు ప్రైవేటులనే కనాలె వదినె" అంది. సరే, ప్రైవేటంటే ప్రైవేటే. అందులో ఏది?

జరీ కొనాలన్నా దుకాణం దుకాణం తిరిగి, దారాన్ని వెలుతురుకు పట్టి చూసే మనిషి యాదలక్ష్మి. కూతురి ప్రాణానికి అంతకన్నా తక్కువ చూస్తుందా? మగ్గం మీద చీర సగంలో ఆపేసి, ఎవరినో పలకరించడానికి వచ్చినదానిలా ఒక్కో దవాఖానలోకి వెళ్లి కూర్చునేది. ఊరికే కాదు. నర్సులు ఎట్లా మాట్లాడుతున్నారు, బాత్రూములు ఎట్లా ఉన్నాయి, నొప్పులతో వచ్చిన పిల్లను ఎంతసేపు బెంచీ మీద కూర్చోబెడుతున్నారు, అన్నీ చూసేది.

జనం అద్దాల దవాఖాన అని పిలిచేది అన్నిటికన్నా కొత్తది. లిఫ్టు, ఏసీ, లోపలికి పోగానే పెద్ద వినాయకుడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వుతూ, "ముహూర్తం మీరు పెట్టుకొని రండి ఆంటీ, ఏ టైమంటే ఆ టైముకే ఆపరేషన్ చేస్తం" అంది. ఫోనులో విన్న వియ్యపురాలు ఆ మాటకే పడిపోయింది. రెండోదాన్ని మెట్ల దవాఖాన అంటారు. పేరుకు తగ్గట్టే నిండు గర్భిణులు రొప్పుకుంటూ మేడ ఎక్కాలి. ఎక్కాక డాక్టరమ్మ ఉంటుందా అంటే, అదీ అనుమానమే. ఆమె హైదరాబాదు నుంచి వచ్చిపోతుంటుంది.

ఇక మూడోది డాక్టరు ఎస్తేర్ మేడంది. పాత బంగళా, ఎప్పుడూ జనం, ఎప్పుడూ మేడం అరుపులు. ఆమె రోగులను తిట్టదు, వాళ్లతో వచ్చినవాళ్లను తిడుతుంది. కానీ యాదలక్ష్మి దాని గేటు కూడా దాటలేదు. నిరుడు తమ వాడలోని రజిత బిడ్డ అక్కడే పోయింది. దవాఖానోళ్లే చంపారని రజిత అత్త వాడంతా వినబడేలా శోకాలు పెట్టింది. అంతటితో ఆ దవాఖాన పేరు వాడలో మట్టికొట్టుకుపోయింది.

తన కళ్ల మీద తనకే నమ్మకం చాలక, కాన్పులైన ఆడవాళ్లను అడిగి చూసింది. అద్దాల దవాఖానలో కన్నవాళ్లు అద్దాల దవాఖాన బంగారమన్నారు. మెట్ల దవాఖానలో కన్నవాళ్లు మెట్ల దవాఖాన బంగారమన్నారు. అందరికీ అన్నీ బంగారమే అయితే ఇక ఎంచుకునేదేముంది? అడిగిన కొద్దీ యాదలక్ష్మికి అయోమయం పెరిగిందే కానీ తగ్గలేదు.

చివరకు ఒక పొద్దున, శ్వేతకు తల దువ్వుతుంటే సంగతి తట్టింది. ఆ వాడలో బిడ్డ పుట్టిన జాగను ఎవరూ తిట్టరు. తిడితే బిడ్డకు తగులుతుందని భయం. తానూ అంతే కదా! శ్వేతను కనేటప్పుడు ఆయా తొడ మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ చురుక్కుమంటుంది. అయినా ఎవరడిగినా "మా శ్వేత పుట్టిన దవాఖాన, దేవుని గుడి లెక్క ఉంటది" అనే చెప్పుకొచ్చింది. పిల్లను ఎత్తుకొని ఇంటికి వచ్చినవాళ్లెవరూ నిజం చెప్పరు. చెప్పగలిగింది ఉత్త చేతులతో వచ్చిన మనిషే.

అంటే రజిత. ఆ పేరు మనసులోకి రాగానే యాదలక్ష్మి దువ్వెన పక్కన పెట్టేసింది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి గర్భిణికి ఎదురు రాగూడదని వాడలో అందరూ రజితను తప్పించుకు తిరిగేవాళ్లే. అందరిదాకా ఎందుకు, శ్వేత సీమంతానికి వాడంతటినీ పిలిచి, రజిత ఇంటి ముందు నుంచి బొట్టుపెట్టె పట్టుకొని తల తిప్పకుండా నడిచిపోయింది తానే. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పోతుంది? ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది. వియ్యపురాలు చెప్పిన అద్దాల దవాఖానకే మొగ్గింది. వాళ్ల పంతులు అమావాస్య, పాడ్యమి దాటించి, విదియ పొద్దుటికి ముహూర్తం పెట్టాడు.

అమావాస్య రానే వచ్చింది. పొద్దున చాయ్ తాగుతూ శ్వేత ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టి తల్లిని పిలిచింది.

"అవ్వా, లోపల కదుల్తలేదే."

"పండుకున్నట్టుంది బిడ్డా. కొంచెం తీపి తిను, లేస్తది."

శ్వేత బెల్లం ముక్క తింది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూసింది. తల్లి కూడా చెయ్యి పెట్టింది. నిన్నటిదాకా మోకాలితో పొడిచి నిద్రపోనివ్వని బిడ్డకు ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. యాదలక్ష్మి వెంటనే వియ్యపురాలికి ఫోను కలిపింది.

"ఇయ్యాల అమావాస్య వదినె" అంది వియ్యపురాలు, అదేదో యాదలక్ష్మికి తెలియనట్టు. "ఇయ్యాల దవాఖానకు పోతే వాళ్లు కోస్తమంటరు. అమావాస్య నాడు పుడితే తండ్రికి గండమని పంతులు చెప్పలేదా? నా ఒక్క కొడుకు వెంకటేశ్. రెండు దినాలు ఓపిక పట్టున్రి. పిల్ల భయపడుతుందని నువ్వు గూడ భయపడితే ఎట్ల?"

ఫోను పెట్టేశాక యాదలక్ష్మి గడపలో కూలబడింది. అమావాస్య అంటే ఆమెకు మాత్రం భయం లేదా? కొత్త చీర నూలు మగ్గానికి ఎక్కించడానికే అమావాస్య పనికిరాదనే ఇల్లు అది. పోతే వియ్యాలవారితో తెగుతుంది, అల్లుడికి కాలు విరిగినా తనవల్లే అంటారు. పోకపోతే? నిజం చెప్పగలిగే మనిషి వాడలో ఒక్కతే. లేచి, చెప్పులు కూడా లేకుండా రజిత ఇంటికి పరుగెత్తింది.

రజిత తలుపు సగమే తెరిచింది. "గిటు వచ్చినవేంది పెద్దమ్మా? ఇంట్ల నిండు చూలాలిని పెట్టుకొని! ఎవలన్న చూస్తే బాగుండదు."

"చూస్తే చూడనియ్యి. ఒక్క ముచ్చట అడుగుత, కోపం చెయ్యకు బిడ్డా. గా ఎస్తేర్ మేడం దవాఖానల నీకు అసలేమైంది?"

ఏడాదిగా అందరూ రజితను చూసి పాపమన్నవాళ్లే తప్ప, ఏం జరిగిందని అడిగినవాళ్లు లేరు.

"మేడం తప్పేం లేదు పెద్దమ్మా" అంది. "పొద్దుగాల పోంగనే చూసింది. లోపల బిడ్డ అలిసిపోయింది, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె అన్నది. గా దినం అమావాస్య. మా అత్త ఆగుదమన్నది. మా నాయిన గూడ ఆగుదమన్నడు. మేడం బతిమిలాడింది, తిట్టింది, ఎవ్వలు సంతకం పెట్టలే. తెల్లారేసరికి..." మిగతా మాట మింగేసింది.

"మరి దవాఖానోళ్లే సంపిన్రని మీ అత్త..."

"గట్లనకుంటే ఆమె ఎట్ల బతుకుతది? నన్ను గూడ అడిగింది పెద్దమ్మా, మేడం. నువ్వేమంటవ్ అమ్మా అని నన్నే అడిగింది. నేను గూడ రేపు చేద్దమనే అన్న. నాకు గూడ అమావాస్యంటే భయమే ఉండె."

యాదలక్ష్మి తలుపు పట్టుకొని నిలబడింది. ఇన్ని రోజులు లిఫ్టులు చూసింది, బాత్రూములు చూసింది. తప్పు ఎక్కడ జరుగుతుందో అక్కడ మాత్రం చూడలేదు. అది దవాఖానలో లేదు, ఇంట్లోనే ఉంది.

"శ్వేతకేమైంది?" రజిత గొంతు మారింది.

"పొద్దుగాల సంది కదుల్తలేదంటుంది."

"మరి ఇంక నిలబడ్డవేంది పెద్దమ్మా! నడువు!" ఆమే ముందు చెప్పులు తొడుక్కుంది.

ఆటోలో శ్వేత పక్కన రజిత కూర్చోబోతుంటే యాదలక్ష్మి గుండె ఒక్కసారి ఝల్లుమంది. అన్నీ విన్నాక కూడా! భయానికి బుద్ధి ఎక్కడుంటుంది? రజిత అది కనిపెట్టి, డ్రైవరు పక్కకు పోబోయింది. శ్వేతే ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది. "నా పక్కన కూసో అక్కా. నాకు మస్తు భయమైతుంది."

ఎస్తేర్ మేడం శ్వేత కడుపు మీద మిషను పెట్టి వింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే కోపం పోయి తొందర వచ్చింది. అది చూసి యాదలక్ష్మికి ఇంకా భయమేసింది.

"బిడ్డ గుండె కొట్టుకునుడు తగ్గుతున్నది. ఇప్పుడే తియ్యాలె" అంటూ తలెత్తిన మేడం, గోడవారగా నిలబడిన రజితను చూసి ఒక క్షణం ఆగింది. గుర్తుపట్టింది. యాదలక్ష్మి వైపు తిరిగి, "ఇయ్యాల అమావాస్య. అడగాల్సినోళ్లు ఉంటే ఇప్పుడే అడుగున్రి. నాకు టైం లేదు" అంది.

"అడిగేటోళ్లు ఎవ్వలు లేరు మేడం. నేను తల్లిని" అంది యాదలక్ష్మి. శ్వేత సంతకం పక్కనే తాను కూడా పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి.

శ్వేతను లోపలికి తీసుకుపోయాక వియ్యపురాలి ఫోను వచ్చింది. ఎవరు చెప్పారో, అప్పటికే తెలిసిపోయింది. "మొండికి పోతున్నవ్ వదినె! ఆపమను! నా కొడుక్కు ఏమన్న అయితే నీ బిడ్డను మా గడప తొక్కనియ్య!"

"ముందు బతుకనియ్యి వదినె. గండాల సంగతి అటెన్క చూద్దం." ఫోను పెట్టేసింది. మాట అనడం తేలికే. ఒకవేళ లోపల బిడ్డ దక్కకపోతే? రేపటి నుంచి వాడ తనను ఏమంటుందో ఆమెకు బాగా తెలుసు. రజితను ఏమన్నారో విన్నది, తానూ అన్నది.

ఇద్దరూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చోవాలని ఇద్దరికీ తోచలేదు. లోపల ఏవేవో సామాన్ల చప్పుడు, మేడం ఎవరినో గదమాయించడం వినబడుతున్నాయి. బిడ్డ ఏడుపు మాత్రం వినబడదు. యాదలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. తనకు తెలియకుండానే రజిత చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతికన్నా చల్లగా ఉంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ముందు సన్నగా, దగ్గినట్టు, తర్వాత దవాఖానంతా తిట్టిపోస్తున్నట్టు.

నర్సు తువ్వాలలో చుట్టి బయటకు తెచ్చింది. "ఆడపిల్ల. తల్లి మంచిగున్నది. ఎవరు పట్టుకుంటరు?"

యాదలక్ష్మి చేతులు చాపబోయి ఆగింది. వెనక్కు తిరిగింది. "నువ్వు పట్టుకో రజితా."

"నేనొద్దు పెద్దమ్మా." రజిత గోడకు అంటుకుపోయింది. "మొదటి చెయ్యి నాదొద్దు."

"నీదే కావాలె. నువ్వు చెప్పకుంటే గీ పిల్ల ఏడ పుడుతుండె? పట్టుకో."

నర్సు బిడ్డను రజిత చేతుల్లో పెట్టింది. రజిత ఊపిరి బిగబట్టి, తువ్వాల కొస తొలగించి ముఖం చూసింది. బిడ్డ కాళ్లు జాడించింది. ఆ కదలికకు రజిత ఉలిక్కిపడి, గట్టిగా గుండెకు హత్తుకుంది. యాదలక్ష్మి దగ్గరకు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నా బిడ్డ గూడ గింతే బరువుండె పెద్దమ్మా" అంది రజిత.