మూడు రంగుల గూడు

అప్పలనరసింహం మాస్టారి ఇంట్లో దేవుడి గది ఉత్తరపు గోడకి ఏడేళ్లుగా చీపురు తగల్లేదు. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి గుడికి నాలుగిళ్ల అవతల ఉంది ఆ ఇల్లు. నిప్పులు కడిగే వంశం. తాతముత్తాతలు గుడిలో వేదపారాయణ చేసినవాళ్లు. అలాంటి ఇంట్లో దేవుడి గది గోడకి బూజు పట్టిందంటే అది ఇల్లాలు లక్ష్మీకామేశ్వరి బద్ధకం కాదు, ఆయన గారి శాస్త్రం.

ఆ గోడ మీద పురుగులుండేవి. గుమ్మడి గింజంత గూడు, దానికి రెండు చివర్లా నోరు, ఆ నోట్లోంచి తల బయటపెట్టి గూడుని ఈడ్చుకుంటూ పాకే పురుగు. మన ఇళ్లలో అందరూ చూసిందే, చీపురుతో రాల్చి పారబోసిందే. కొన్నాళ్లకి అందులోంచి బియ్యపు గింజంత బూడిదరంగు చిమ్మట ఒకటి రెక్కలతో బయటికొస్తుంది. నాలుగు రోజులు బతికి, ఎవరి కంటా పడకుండా పోతుంది. మాస్టారి కంట మాత్రం పడింది. ముప్పై ఏళ్లు శ్రీకాకుళంలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆయనకి పాఠం వినే పిల్లలు లేకపోయారు గానీ, పాఠం చెప్పే అలవాటు పోలేదు. ఆ చిన్న చిమ్మటల ప్రజాతిని పట్టుకుని కూచున్నారు.

పుస్తకాల ప్రకారం మన వైపు ఆ ప్రజాతిలో ఉన్నది ఒకటే జాతి. కాదు, మూడు జాతులున్నాయని మాస్టారు. సముద్రపొడ్డున నీలం గూడు కట్టేది ఒకటి, అరసవల్లిలో ఎర్రగూడు కట్టేది ఒకటి, చీపురుపల్లి వైపు తెల్లగూడు కట్టేది ఒకటి. రెక్కల మీది మచ్చల్లో కూడా తేడా ఉందన్నారు. నిజమే, ఉండేది. ఆ మాటకొస్తే ఒకే గోడ మీది రెండింటిని పక్కపక్కన పెట్టినా ఉండేది. అంతదాకా ఆయన చూడలేదు. చూడదలచుకోలేదంటే ఇంకా సబబు.

ఈ పనిలో ఆయనకి కుడిభుజం దుర్గ. కళింగపట్నం దగ్గర సముద్రం మీద వేటకెళ్లే లక్ష్ముడి కూతురు. మాస్టారి చివరి బ్యాచిలో చదువుకుంది. ఇప్పుడు చీపురుపల్లి దగ్గర ఒక బడిలో సైన్సు టీచరు. పుట్టింటి నుంచి నీలం గూళ్లు, బడి గోడల నుంచి తెల్ల గూళ్లు ఏరి తెచ్చిందీ, మాస్టారి గోడ మీది జిల్లాల మ్యాపులో మూడు రంగుల గుండుసూదులు ఒక్కొక్కటే గుచ్చిందీ ఆ అమ్మాయే. అందుకే నీలం గూడు జాతికి దుర్గ పేరు పెడుతున్నానని మాస్టారు మాటిచ్చారు. వ్యాసాన్ని కలకత్తా పత్రిక ఒకటి తీసుకుంది. 2016 ఆగస్టులో ఆఖరి ప్రూఫులు కూడా వచ్చాయి. దిద్ది, నెలాఖరులోగా పంపాలి.

కబురు తెలిసిన దగ్గర్నుంచి లక్ష్ముడు నేల మీద లేడు. "మా పాప పేరెట్టినారురా, పురుగుకి. పుస్తకంలో ఎక్కుతాది" అని పడవల రేవులో కనబడ్డవాడికల్లా చెప్పాడు.

"పురుగుకి పేరేటి బావా? పడవకెట్టుకోవాల గానీ" అని పక్క పడవ గంగులు ఎగతాళి చేశాడు.

"పడవ ములిగిపోద్ది. పురుగు ఎప్పుడూ ఉంటాది" అన్నాడు లక్ష్ముడు.

ప్రూఫులు వచ్చిన వారానికి, ఆదివారం పూట, దుర్గ చీపురుపల్లిలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో అరసవల్లి వచ్చింది. ప్లాస్టిక్ డబ్బా ఒకటి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ఇది ఏ జాతో సూసి సెప్పండి."

మాస్టారు భూతద్దం తీశారు. గూడు నడుమంతా నీలం. రెండు చివర్లా సున్నం పూసినట్టు తెలుపు.

"ఎక్కడ దొరికింది?"

"మా బళ్లో, నల్లబల్ల కిందనండి. ఎనిమిదో తరగతికి కృత్రిమ దారాల పాఠం సెప్పడానికి మా నాన్న పాత వల తెచ్చి సైన్సు గదిలో మేకుకి తగిలించినాను. దాంతోపాటు ఇది వచ్చినట్టున్నాది. నీలం వల పీసు. తెలుపు సాక్పీసు పొడి. పెరిగిన కొద్దీ గూడు సాలక, రెండు సివర్లా దొరికింది అతుక్కున్నాదండి."

మాస్టారికి ముక్కు మీద కోపం. అయినా గొంతు పెంచలేదు. "ఎక్కడో ఒక వికారం కనబడితే సిద్ధాంతం మారిపోదమ్మా. ఒక్క పురుగుతో ఏవీ తేలదు."

"నేనూ అదే అనుకుని వల దులిపి సూసినానండి. ఐదున్నాయి. ఐదూ ఇలాగే ఉన్నాయి."

మాస్టారు భూతద్దం తుడిచారు. అది శుభ్రంగానే ఉంది, మళ్లీ తుడిచారు.

"నీకు పేరు అక్కర్లేదా?" అన్నారు చివరికి.

"కావాలండి" అంది దుర్గ తల వంచుకుని. "నాన్న ఊరంతా సెప్పుకున్నాడు. కానీ ఆ సూదులు గుచ్చింది నేనే కదండి. తప్పు గుచ్చినానని తెలిసినాక ఎలా ఊరుకోను?"

మాస్టారు పట్టు వదల్లేదు. డబ్బాలోని పురుగుని గాజుగిన్నెలోకి మార్చి, దేవుడి పీట పక్కన పెట్టి, ఇంత కుంకుమ, నాలుగు ఎర్ర తోరపు దారం ముక్కలు, తిండికి పాత గూళ్ల పీచూ వేశారు. "ఎరుపు కడితే అప్పుడు మాట్లాడదాం. కట్టదు" అన్నారు. దుర్గ మజ్జిగ తాగి సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

పన్నెండు రోజులు ఏమీ జరగలేదు. మాస్టారు ప్రూఫులు దిద్దారు, కవరులో పెట్టారు, అతికించలేదు. పదమూడో రోజు పొద్దున సంధ్యావందనం చేసి లేస్తూ గిన్నెలోకి చూస్తే తెలుపు అంచు మీద గోరంచంత మేర ఎరుపు కట్టి ఉంది. గిన్నె వంచేసి, పురుగుని పెరట్లో దులిపేస్తే చాలు. దుర్గ నోరెత్తే పిల్ల కాదు. కలకత్తా వాళ్లు అరసవల్లి వచ్చి దేవుడి గదులు వెతకరు. ఈ ఆలోచన ఆయనకి ఒకసారి కాదు, ఆ రోజంతా వచ్చింది. అన్నం ముందు కూచుని కెలికి లేచారు.

"ఒంట్లో బాగులేదా?" అంది లక్ష్మీకామేశ్వరి.

మాస్టారు గిన్నె చూపించారు. ఆవిడ వంగి చూసి, "ఇంతేనా" అంది. "మన అమ్మాయి విశాలి పెళ్లికి ముందు పసుపు ఊలు పెట్టి అల్లికలు అల్లేది, గుర్తుందా? ఆ ఏడాది దాని గదిలో అన్నీ పసుపు గూళ్లే. చేతికి ఏది అందితే అది కట్టుకుంటాయి."

"ఏడేళ్లలో ఒక్క మాట చెప్పావు కాదే?"

"గోడ జోలికి రావద్దన్నారు. రాలేదు."

ఏడేళ్లు, మూడు వందల పైచిలుకు నమూనాలు, ఊరూరా తిరిగిన బస్సులు. అందులో ఆయన వర్గీకరించింది చిమ్మటల్ని కాదు, జనం ఇళ్లలో చెత్తని. సిగ్గేసింది. చాలాసేపు సిగ్గేసింది. ఆ తరవాత లేచి, కవరులోంచి ప్రూఫులు తీసి, మొదటి పేజీ మీద 'ఉపసంహరించుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టారు. మ్యాపు మీది సూదులన్నీ పీకి ఒక్క రంగువే మళ్లీ గుచ్చారు. పాతజాతే, ఒకటే జాతి, మనుషులు కాపురముంటున్న ప్రతి ఊళ్లోనూ. "గోడ తుడుచుకో" అని భార్యతో అన్నారు. ఆవిడ చీపురు అప్పటికే తడిపి ఉంచింది.

సెప్టెంబరులో గిన్నెలోని పురుగు రెక్కలతో బయటికొచ్చింది. బూడిదరంగు చిమ్మట, మిగతా వాటికి మల్లేనే. దాన్ని సూదికి గుచ్చి, కిందన ఖాళీ గూడు అతికించి, పెట్టె చంకన పెట్టుకుని మాస్టారు దుర్గతో కలిసి కళింగపట్నం బస్సెక్కారు. లక్ష్ముడికి ఆ మాట తనే చెప్పాలనుకున్నారు. ఉత్తరంలో రాసి తప్పించుకోవడానికి మనసొప్పలేదు.

లక్ష్ముడు ఇంటి ముందు ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. వల నీలంగా ఉంది. మాస్టారు నిలబడే చెప్పారు. మూడు జాతులు లేవని, తను పొరబడ్డానని, అది పట్టుకున్నది దుర్గేనని, అందువల్ల ఆమె పేరు పురుగుకి పడదని.

లక్ష్ముడు దారం తెంపి పక్కన పెట్టాడు. కూతురి వైపు చూశాడు. "నువ్వే సెప్పినావేటే?"

"అవును నాన్నా."

అతను పెట్టె అందుకుని అద్దంలోంచి గూడుని చూశాడు. నడుమ నీలం, అటూ ఇటూ తెలుపు, కొసల్లో ఎరుపు.

"నడుమది మా వలే గదండి బాబూ."

"మీ వలే. మొదలుపెట్టింది మీ ఇంట్లోనే."

మాస్టారు పెట్టె వెనక్కి తీసుకుని, జేబులోంచి చిన్న చీటీ, సన్నపాళీ కలం తీసి అక్కడే అరుగు మీద కూచున్నారు. నమూనాకి ఊరొకటే రాయాలని పిల్లల్ని ముప్పై ఏళ్లు తిట్టిన మనిషి, ఆ చీటీ మీద కళింగపట్నం, చీపురుపల్లి, అరసవల్లి అని మూడూళ్లూ రాశారు. కిందన సేకరించినవారు అని రాసి, దాని పక్కన పేరు రాశారు.

"ఏటి రాసినారు?" అన్నాడు లక్ష్ముడు.

మాస్టారు చదివి వినిపించారు.

"ఈ సీటీ ఎన్నాళ్లుంటాదండి?"

"కలకత్తా మ్యూజియానికి పంపుతున్నాను. వందేళ్లుంటుంది. ఇంకా ఎక్కువే."

లక్ష్ముడు చేతులు పంచెకి తుడుచుకుని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఆ కింద ముక్క ఇంకొకపాలి సదవండి బాబూ" అన్నాడు.

"సేకరించినవారు, దుర్గ" అని మాస్టారు మళ్లీ చదివారు.